కోటీశ్వరుల మీద రాష్ట్రం పన్ను పెంచితే డబ్బు వంతెన దాటిపోతుందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

డబ్బున్నవాళ్ల మీద రాష్ట్రం పన్ను పెంచాలని ఒకరంటే, పెంచితే పక్క రాష్ట్రానికి పోతారని వెంటనే ఇంకొకరు అందుకుంటారు. ఒడిశా సరిహద్దులో ఉన్న మనకి పక్క రాష్ట్రమంటే ఆంధ్రలోని పాతపట్నం. సైకిలెక్కి పోయి సంతబేరం చూసుకుని వచ్చేసే దూరం. ఆ "పోతారు" అన్నది నిజమే అయితే భువనేశ్వర్ కన్నా ముందు మన ఊళ్లలోనే కనబడాలి కదా. ఏ పన్నుకి కనబడుతోంది, ఏ పన్నుకి కనబడడం లేదు? పార్టీల గొడవ వద్దు. లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలపద్దు (బరంపురం)

ముందు ఒక అపోహ తీసేద్దాం. మన దేశంలో ఏ రాష్ట్రమూ జీతం మీద, వ్యాపార లాభం మీద ఆదాయపు పన్ను వెయ్యడానికి వీల్లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు, కేంద్ర జాబితా, 82వ అంశం. వ్యవసాయం కాని ఆదాయమంతా కేంద్రానిదే. ఏడాదికి 5 కోట్లు వచ్చే మనిషి బరంపురంలో ఉన్నా, ఆంధ్రలోని ఇచ్ఛాపురం వెళ్లి ఇల్లు కట్టుకున్నా కట్టాల్సిన ఆదాయపు పన్ను పైసా మారదు. అంచేత "పోతారు" అన్న భయం ఆ పన్ను విషయంలో మనకి వర్తించనే వర్తించదు.

రాష్ట్రం చేతిలో మిగిలినవి: వ్యవసాయ ఆదాయం, భూములు భవనాలు, కరెంటు, వాహనాలు, వృత్తి పన్ను, స్టాంపు డ్యూటీ, పెట్రోలు డీజిల్, మద్యం. విలాస పన్ను ఉండేది, 2017 జులై 1న జీఎస్టీలో కలిసిపోయింది. జీఎస్టీ రేటు ఒక్క రాష్ట్రం సొంతంగా పెంచడానికి వీల్లేదు, కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్టీ కౌన్సిల్ ఒప్పుకోవాలి. కేరళ 2019 ఆగస్టు నుంచి రెండేళ్లు 1 శాతం వరద సెస్సు వేసిందంటే, అదీ కౌన్సిల్ అనుమతితోనే.

వృత్తి పన్ను చూడండి, చిత్రంగా ఉంటుంది. 276వ అధికరణం ప్రకారం ఒక మనిషి దగ్గర ఏడాదికి 2,500 రూపాయలకి మించి తీసుకోకూడదు. ఆ హద్దు 1988లో 60వ సవరణతో 250 నుంచి 2,500 అయింది. అక్కడే ఆగిపోయింది. ఒడిశాలో ఏడాది జీతం 3 లక్షలు దాటితే నెలకి 200 చొప్పున పదకొండు నెలలు, చివరి నెల 300. మొత్తం 2,500. 3 లక్షల 10 వేలు వచ్చే గుమాస్తాకి అది లక్షకు దాదాపు 800 రూపాయలు. కోటి వచ్చే డాక్టరుకి లక్షకు 25. డాక్టరు దగ్గర ఇంకో రూపాయి కావాలంటే పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించాలి, అసెంబ్లీ వల్ల కాదు.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

మహారాష్ట్రల గూడ గంతే. నెలకు 200, ఫిబ్రవరిల 300. నెల జీతం పది వేలు దాటిన ప్రతోడు కడ్తడు, ఆడోళ్లకైతే 25 వేల దాకా మాఫీ. మరి అమెరికాల రాష్ట్రాలు కోటీశ్వరుల మీద పన్నేస్తున్నయంటరు గదా, ఆడ ఏమైంది?

గోపాల్‌పూర్ గాలి (బరంపురం)

అక్కడ రాష్ట్రాలకి ఆదాయపు పన్ను వేసే హక్కుంది. తేడా అంతా అక్కడే.

మసాచుసెట్స్‌లో 2022 నవంబరులో జనం ఓటేసి, ఏడాది ఆదాయం 10 లక్షల డాలర్లు దాటిన భాగం మీద అదనంగా 4 శాతం వేశారు. 2023 నుంచి అమలు. మామూలు రేటు 5, పైభాగానికి 9. 15 లక్షల డాలర్లు వచ్చేవాడికి అదనపు భారం పై 5 లక్షల మీదే, అంటే 20 వేల డాలర్లు. చదువులకీ రవాణాకీ ఖర్చు పెట్టాలని సవరణలోనే రాశారు. 2024 ఆర్థిక సంవత్సరంలో 200 కోట్ల డాలర్లు దాటి వచ్చింది. వేసుకున్న అంచనాకి రెట్టింపు.

కాలిఫోర్నియాది ఇంకో కథ. 2012లో పై రేటు 13.3 శాతానికి చేర్చారు. పెరుగుదల వల్ల వస్తుందనుకున్న దాంట్లో సుమారు 45 శాతం మొదటి ఏడాదిలోనే కరిగిపోయిందని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు. ఊరొదిలి వెళ్లినవాళ్లు కొందరే. ఉన్నచోటే ఉండి ఆదాయం తక్కువ చూపినవాళ్ల వల్ల పడిన గండే పెద్దది. న్యూజెర్సీ 2004లో 5 లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద 8.97 శాతానికి పెంచితే, వలస చాలా స్వల్పమని అక్కడి అధ్యయనం. అయితే అదే న్యూజెర్సీలో డబ్బున్నవాళ్ల పెట్టుబడులు నడిపే ఒక్క హెడ్జ్ ఫండ్ యజమాని ఫ్లోరిడాకి మారితే 2016లో బడ్జెట్ అధికారులకి నిద్ర పట్టలేదు. కొద్దిమంది మీద ఆనుకున్న పన్నుకి ఇదే తలనొప్పి. వాషింగ్టన్ రాష్ట్రం మూలధన లాభం (షేర్లలాంటివి అమ్మగా వచ్చే లాభం) మీద వేసిన 7 శాతం పన్ను తొలి ఏడాది దండిగా వచ్చి, రెండో ఏడాది సగం దాకా పడిపోయింది. షేర్ల మార్కెట్ ఎటు ఊగితే అదీ అటే.

తగ్గించినవాళ్ల సంగతి కూడా చెప్పాలి. కాన్సస్ 2012లో పన్నులు కోసింది, వ్యాపారాలు పరుగెత్తుకొస్తాయని. రాలేదు సరికదా ఖజానా ఖాళీ. 2017లో గవర్నరు వద్దన్నా వినకుండా అక్కడి చట్టసభే ఆ కోతలు రద్దు చేసింది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అయితే మన దగ్గర కోటీశ్వరుల మీద కేంద్రం వేసే సర్‌చార్జి (పన్ను మీద అదనపు పన్ను) ఉందిగా. అందులో ఒడిశాకి వాటా రాదా?

లెక్కలపద్దు (బరంపురం)

రాదు. ఈ చర్చలో అసలు ముల్లు అదేనండి. కాగితం మీద వేసి చూడండి.

కొత్త విధానంలో 2 కోట్లు దాటిన ఆదాయానికి సర్‌చార్జి 25 శాతం, ఆ పైన ఆరోగ్య విద్యా సెస్సు 4 శాతం. అసలు పన్ను 100 రూపాయలనుకుంటే సర్‌చార్జి 25, ఆ 125 మీద సెస్సు 5, మొత్తం 130. రాష్ట్రాలతో పంచుకునేది ఆ 100 మాత్రమే. సర్‌చార్జీ సెస్సూ కలిపి 30 రూపాయలు కేంద్రం జేబులోనే. 2025-26 దాకా వర్తించిన 15వ ఆర్థిక సంఘం (కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే సంఘం) లెక్కలో 100లో 41 రాష్ట్రాలకి, ఆ 41లో ఒడిశా వాటా 4.528 శాతం. వసూలు ఖర్చు తియ్యకముందే అది 1 రూపాయి 86 పైసలు. మహారాష్ట్రకి 6.317 శాతం లెక్కన 2 రూపాయల 59 పైసలు. ఆంధ్రకి 1.66, తెలంగాణకి 86 పైసలు.

మామూలు జీతగాడికి సర్‌చార్జి లేదు. అతను కట్టే 104లో 100 పంపకానికి వస్తుంది. ఆసామి ఎంత పెద్దవాడైతే, అతని పన్నులో రాష్ట్రాలకి చేరే పాలు అంత తక్కువ. 5 కోట్ల పైన 37 శాతం సర్‌చార్జి ఉండేది, 2023లో కొత్త విధానంలో 25కి దించారు. పై రేటు 42.744 నుంచి 39 అయింది. ఆ దిగుదల వల్ల రాష్ట్రాలకి నేరుగా పోయింది సున్నా. 37 ఉన్నప్పుడు వచ్చిందీ సున్నాయే కాబట్టి.

దెగ్లూర్ నాకా (దెగ్లూరు)

మీరు ఢిల్లీ దాకా పోయిన్రు, నేను సరిహద్దు నాకా (చెక్‌పోస్టు) కాడికే వస్త. ఉరికే పన్ను ఏదంటే బండి పన్ను. దానికి చక్రాలున్నయి గదా.

25 లక్షల పెట్రోలు కారు తీసుకోండ్రి. తెలంగాణల 2022 మేల పెట్టిన స్లాబుల ప్రకారం 20 లక్షలు దాటితే 18 శాతం ఉండె, అంటే నాలుగున్నర లక్షలు. మహారాష్ట్రల సొంత పేరు మీదయితే 13 శాతం, మూడుంబావు లక్షలు. తేడా లక్షా 25 వేలు. తెలంగాణల మద్నూరు నుంచి ఇటు దెగ్లూరుకు వచ్చి కిరాయి ఇంటి కాయిదం మీద ఎంహెచ్ (మహారాష్ట్ర నంబరు) బోర్డు ఎక్కించుకునేటోనికి ఇది చాలు. కేరళ బండ్లు పుదుచ్చేరి బోర్డుతోని తిరిగిన సంగతి 2017ల దేశమంత చూసింది, అదే ఆట.

ఇంకొకటి. మహారాష్ట్రల బండి పన్నుకు పై హద్దున్నది. 20 లక్షలుండె, 2025 జులై నుంచి 30 లక్షలు జేసిన్రు. అంటే మూడు కోట్ల బండికి, ఆరు కోట్ల బండికి పన్ను ఒక్కటే. ఇది ధనవంతుల మీద పన్నా, ధనవంతులకు రాయితీయా మీరే చెప్పుండ్రి.

గోపాల్‌పూర్ గాలి (బరంపురం)

రాయితీయే, కాకపోతే లెక్కేసి ఇచ్చిన రాయితీ. హద్దు తీసేస్తే ఆ బండి ఇంకో రాష్ట్రంలో రిజిస్టరవుతుంది, 30 లక్షలు కూడా రావని వాళ్ల భయం. ఏ పెంపుకైనా ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. 13 నుంచి 18కి పెంచితే, వచ్చే డబ్బు పాతదానికన్నా తగ్గాలంటే మీ రాష్ట్రంలో రిజిస్టరయ్యే బండ్ల విలువ 28 శాతం పడిపోవాలి. 18లో 5 ఎంతో అంత. స్టాంపు డ్యూటీ 5 నుంచి 6కి పెంచితే ఆరోవంతు, అంటే 16.7 శాతం పడిపోవాలి. సరిహద్దు మండలంలో బండ్లు 28 శాతం జారిపోవడం నమ్మొచ్చు. రాష్ట్రం మొత్తమ్మీద నమ్మలేం. హైదరాబాదులో ఉన్నవాడు దెగ్లూరు దాకా రాడు.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

వస్తడు, ఏజెంటు ఫోన్ల చేసి పెడ్తనంటే కూసున్నకాడికెళ్లే ఎంహెచ్ బోర్డు ఎక్కుతది. దొరికినంక ఏమైతది, అది చెప్పుండ్రి.

దెగ్లూర్ నాకా (దెగ్లూరు)

మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. వేరే రాష్ట్రంల 12 నెలలు దాటి బండి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలె. దొరికితే అక్కడి పన్ను పూరగ కట్టాలె, మీదికెళ్లి జరిమానా. పైకం దాచుకున్నననుకుంటడు గని రెండు దిక్కుల ఇరుకుతడు.

స్టాంపు పేపరు (గుణుపురం)

బండి సంగతి పక్కనపెట్టండి. భూమి కదలదు కాబట్టి అక్కడ పన్ను వెయ్యొచ్చని అర్థశాస్త్రం చెప్తుంది. భూమి కదలదు నిజమే, దస్తావేజులో రాసే ధర కదులుతాది.

ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్లకి 5, ఆడవాళ్లకి 4, రిజిస్ట్రేషన్ ఫీజు 2. 80 లక్షల ఇంటికి మగవాడి పేరు మీద 5 లక్షల 60 వేలు, భార్య పేరు మీద 4 లక్షల 80 వేలు. అదే విలువకి ఇచ్ఛాపురంలో స్టాంపు 5, బదిలీ సుంకం ఒకటిన్నర, ఫీజు 1 కలిపి 6 లక్షలు. ఈ తేడా కోసం ఎవడూ ఊరు మారడు. మారేది దస్తావేజులో పేరూ, ధరానూ. పేరు మారడం మంచికే, ఆడమనిషి పేరున ఆస్తి ఉంటాది.

ధర మారడం దగ్గరే ఖజానాకి చిల్లు. అసలు బేరం కోటీ 20 లక్షలు, బెంచ్‌మార్క్ విలువ (రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం కట్టిన కనీస ధర) 80 లక్షలు అనుకోండి. 80కే రాస్తారు. 40 లక్షలు నోట్ల కట్టలు. ఆ 40 మీద 7 శాతం, 2 లక్షల 80 వేలు ఎగిరిపోయింది. ఇప్పుడు "ధనవంతుల మీద" అని చెప్పి రేటు 5 నుంచి 7 చేస్తే, దాచినందుకు లాభం 2.80 నుంచి 3.60 లక్షలకి పెరుగుతాది. రేటు పెంచి దొంగతనానికి మనమే బత్తెం పెంచామన్నమాట. ముందు బెంచ్‌మార్క్ సరిచెయ్యాలి, రేటు తర్వాత.

అదీ ఇష్టమొచ్చినట్టు పెంచితే ఇంకో చోట తగులుతాది. బజారు ధర 60 లక్షలే ఉన్న చోట బెంచ్‌మార్క్ 80 పెట్టారనుకోండి. తేడా పది శాతం దాటింది కాబట్టి ఆదాయపు పన్నువాళ్లు అమ్మినవాడికి 80 వచ్చినట్టే లెక్కేస్తారు. కొన్నవాడి ఆదాయంలో తేడా 20 లక్షలు కలుపుతారు. రాష్ట్రం తీసుకున్న నిర్ణయానికి కేంద్రానికి పన్ను పోతాది, ఇద్దరూ కలిసి రిజిస్ట్రేషనే మానుకుంటారు. రిజిస్ట్రేషన్ బదులు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితాలు పుట్టేది ఇలాంటి చోటే.

నోట్ల కట్టల వాళ్లకి ఒక్క మాట. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆ పైన రొక్కం తీసుకుంటే తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. కొన్నవాడికి బ్యాంకు అప్పు కాగితం మీద ధరకే వస్తాది. రేపు అతను అమ్మినప్పుడు కొన్న ధర 80 అనే ఉంటాది కాబట్టి లాభం ఎక్కువ కనబడి పన్ను అతని నెత్తినే.

రాయగడ, కోరాపుట్, మల్కనగిరి వాళ్లు ఈ లెక్క నేరుగా వాడకండి. అవి పూర్తిగా షెడ్యూల్డ్ జిల్లాలు. 1956 రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోదు. అక్కడ స్టాంపు డ్యూటీ పెంచితే డబ్బున్నవాడి కన్నా పట్టణంలో గిరిజనేతరుల చేతుల్లో మిగిలిన కాస్త నేల మీదే భారం పడుతుంది, అద్దెల్లో బయటపడుతుంది.

దెగ్లూర్ నాకా (దెగ్లూరు)

మా మహారాష్ట్ర దిక్కు రిజిస్ట్రేషన్ ఫీజు చూస్తే నవ్వొస్తది. 1 శాతం, గని 30 వేలకు మించదు. 30 లక్షల ప్లాటుకు 30 వేలు, 3 కోట్ల బంగ్లకు గూడ 30 వేలే, అంటే వందకు పది పైసలు. ఇగ తండ్రి కొడుక్కు ఇల్లు గానీ చేను గానీ బక్షీస్‌పత్రం (దానపత్రం) రాస్తే స్టాంపు 200 రూపాయలే. ఐదెకరాలకూ అంతే, యాభై ఎకరాలకూ అంతే. వారసత్వం మీద పన్ను దేశంలనే లేదు, ఎస్టేట్ డ్యూటీ 1985ల తీసేసిన్రు.

గోపాల్‌పూర్ గాలి (బరంపురం)

స్టాంపు పేపరు గారితో సగమే ఒప్పుకుంటాను. రేటు తగ్గిస్తే అంతా నిజాయితీగా రాస్తారని కూడా కాదు. మహారాష్ట్ర 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా 5 శాతం స్టాంపు డ్యూటీని 2కి దించింది, తర్వాత 2021 మార్చి వరకూ 3. డిసెంబరులో ముంబై రిజిస్ట్రార్ ఆఫీసుల ముందు కిటకిట. ఆ కొనుగోళ్లలో చాలామట్టుకు రేపు ఎలాగూ జరిగేవే, గడువు చూసి ముందుకు జరిగాయి. పెంచినప్పుడు పడిపోవడంలోనూ ఇదే మాయ. "పెంచాం, నెలలోనే పడిపోయింది" అని కాగితం పట్టుకొచ్చేవాళ్లని పెంపుకి ముందు నెల అంకె అడగండి. అందులో రద్దీ ఉంటుంది. కనీసం మూడేళ్లు కలిపి చూడాలి.

కోరాపుట్ కాఫీ (జయపురం)

వ్యవసాయ ఆదాయం పేరు జాబితాలో చెప్పి వదిలేశారు. రాష్ట్రానికి పూర్తి హక్కున్న ఆదాయపు పన్ను అదొక్కటే. ఒడిశా 1947లోనే దానికి చట్టం చేసింది.

కాఫీ తీసుకోండి. తోటవాడు తానే పండించి, క్యూరింగ్ (గింజని శుద్ధి చెయ్యడం) చేసి అమ్మితే ఆ ఆదాయంలో 25 శాతం వ్యాపారమని కేంద్రం పన్నేస్తుంది, 75 శాతం వ్యవసాయం. వేయించి పొడి చేసి అమ్మితే 40, 60. తేయాకుకీ 40, 60 లెక్కే. ఆ వ్యవసాయపు భాగం మీద వెయ్యాల్సింది రాష్ట్రమే. తేయాకు తోటలున్న చోట వేశారు, ఎందుకంటే తోట పెద్దది, పుస్తకాలుంటాయి, ఫ్యాక్టరీ గేటు దగ్గర తూకం ఉంటుంది. వరి, పత్తి, మొక్కజొన్న రైతుకి ఇవేవీ లేవు. పన్ను పెట్టారనుకోండి, మండీలో ధాన్యం పోసి రసీదు తీసుకున్న మధ్యరైతే దొరుకుతాడు. యాభై ఎకరాలవాడు పదిమంది పేర్ల మీద పంచేసుకుంటాడు. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ అందుకే ఆదాయం కాకుండా కమతాన్ని బట్టి వెయ్యమంది. ఎకరాలు లెక్కపెట్టొచ్చు కదా అని. ఏ రాష్ట్రమూ దగ్గరకి రాలేదు.

జీతమూ పొలమూ రెండూ ఉన్నవాళ్లు జాగ్రత్త. వ్యవసాయ ఆదాయం 5 వేలు దాటి, మిగతా ఆదాయం పన్ను హద్దు దాటితే, వ్యవసాయం మీద పన్ను పడదు గానీ మిగతా ఆదాయం పై స్లాబులోకి ఎక్కుతుంది. రిటర్నులో ఆ గడి ఖాళీగా వదిలేసి నోటీసు వచ్చాక పరుగెత్తడం మామూలైపోయింది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

కొండల మీద పన్ను? రాయగడ బాక్సైట్, గడ్చిరోలి ఇనుప రాయి?

లెక్కలపద్దు (బరంపురం)

2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 8:1తో చెప్పేసింది, రాయల్టీ (ఖనిజం తవ్వినందుకు కట్టే సొమ్ము) పన్ను కాదు, ఖనిజ హక్కుల మీద రాష్ట్రం పన్ను వేసుకోవచ్చని. 2005 ఏప్రిల్ 1 నుంచి బకాయిలు అడగొచ్చు, 2026 ఏప్రిల్ నుంచి 12 ఏళ్ల వాయిదాల్లో. ఒడిశాకి 2004 నాటి చట్టం ఒకటి ఉండనే ఉంది. కొండ ఎక్కడికీ పోదు. బాక్సైట్‌తో చేసే అల్యూమినియం ధర లండన్ మార్కెట్లో తేలుతుంది కాబట్టి కంపెనీ ఆ పన్నుని కొనేవాడి మీద వెయ్యలేదు, లాభంలోంచే కట్టాలి. ఇక్కడున్న పన్నులన్నిట్లో డబ్బున్నవాడి దగ్గరే నిజంగా ఆగే పన్ను ఇదేనని నా లెక్క. ప్రమాదం ఒక్కటే. పన్ను మరీ ఎక్కువైతే నాసిరకం రాయి తవ్వకుండా వదిలేసి మంచి పొరలే తీస్తారు.

గోపాల్‌పూర్ గాలి (బరంపురం)

దానికి తోడు పెద్ద ఇళ్లు. కేరళలో 278.7 చదరపు మీటర్లు, అంటే 3,000 చదరపు అడుగులు దాటిన ఇంటికి ఏటా అదనపు పన్ను ఉంది. ఇల్లు పక్క రాష్ట్రానికి పోదు, కొలత టేపుతో తేలిపోతుంది, ధర రాసుకునే బేరం లేదు. మన హోల్డింగ్ ట్యాక్సులో (ఇంటి పన్నులో) ఇలాంటి మెట్టు పెడితే సరిపోతుంది. అయితే 2,990 అడుగుల ఇళ్లు పుట్టుకొస్తాయి. ఒకే ఇంటిని రెండు డోర్ నంబర్లుగా చీలుస్తారు. ఒకే మెట్లు, ఒకే మీటరు ఉంటే ఒకే ఇల్లని రాసుకోవాలి.

స్టాంపు పేపరు (గుణుపురం)

పెట్రోలు కూడా చెప్పేద్దాం, మూడు ముక్కల్లో. ఒడిశా వ్యాట్ (అమ్మకం పన్ను) పెట్రోలుకి 28 శాతం, డీజిల్‌కి 24. ఆంధ్రలో పెట్రోలుకి 31 శాతం, పైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు 1. అందుకే ఇచ్ఛాపురం బండి ఒడిశా బంకు దగ్గర ఆగుతుంది. ఇది డబ్బున్నవాళ్ల మీద పన్ను కాదు గానీ, జారే పన్ను ఎలా ఉంటుందో చూపిస్తుంది.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

ఆఖరి మాట అడుగుత. కాళేశ్వరం దిక్కు నుంచి బండి కొని ఈడికి తెచ్చుకుంటే కాయిదాలు ఏ వరుసల పోవాలె? జనం ఈడనే తప్పులు చేస్తున్నరు.

దెగ్లూర్ నాకా (దెగ్లూరు)

మొదలు తెలంగాణ ఆర్టీఓ కాడ పెండింగ్ చలాన్లన్ని కట్టాలె, ఒక్కటున్నా ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాయిదం) ఆగుతది. అప్పున్న బండయితే బ్యాంకు కాయిదం ముందు. ఎన్ఓసీకి ఫారం 28, ఛాసిస్ నంబరు పెన్సిల్ అచ్చుతోని. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ రెండూ నడుస్తుండాలె. పేరు మార్పుకు ఫారం 29, 30, అమ్మినోని సంతకం ఆర్సీల ఉన్నట్టే ఉండాలె. గడ్చిరోలిల కొత్త నంబరుకు ఫారం 27. పన్ను బండి వయసు చూసి తగ్గించి వేస్తరు. కొత్త ఆర్సీ వచ్చినంక దాని నకలు పెట్టి తెలంగాణల మిగిలిన ఏండ్ల పన్ను వాపసు అడగాలె, ఆ అర్జీ చాలామంది పెట్టనే పెట్టరు.

తెలంగాణ చానేండ్లు దేశమంతటి బండ్ల లెక్క ఉండే వాహన్‌ల కలవకుంట సొంత సాఫ్ట్‌వేర్ వాడింది, అందుకే ఎన్ఓసీ చేతిల ఉన్నా ఈడ కంప్యూటర్ల కనబడకపోతుండె. అట్ల కనబడకుంటే ఆర్టీఓ నుంచి ఆర్టీఓకు రాతకోతలు పోయేదాక ఆగాలె. ఎన్ఓసీ ఇచ్చిన రోజే ఇంజిన్ నంబరు, తయారైన నెల ఆర్సీతోని కలిపి చూసుకోండ్రి. ఒక్క అంకె తప్పున్నా మల్ల వంతెన దాటి పోవాలె.